కట్టు కింది చెయ్యి

పుంగనూరుకూ సదుంకూ నడుమ ఓ పల్లె. మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దున వేపచెట్టు మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న గొర్రెల అంజనప్ప వసారాలో మంచం మీద కూర్చున్నాడు. పక్కన పెళ్ళాం పాపమ్మ. కుప్పంలో డాక్టరు చదువు చదువుతూ సెలవులకు పక్కూరికి వచ్చిన మేనకోడలు, పాపమ్మ అన్న మునిరత్నం కూతురు మేఘన, చెప్పులు విడిచి, గడప కాడే ఆగిపోయింది.

“... నేను అనే మాట కాదమ్మా ఇది, ఎదురింటి వెంకటరత్నమ్మ అనింది. ఆమెకు కుప్పంలో గాజులమ్మే ఆయమ్మ ఎవురో సెప్పిందంట. మునిరత్నం కూతురు ఆడ కాలేజీలో దినామూ పీనిగల సేతులు కోస్తాదంట, ఆ సేత్తోనే అన్నం కలుపుకుంటాదంట. పచ్చి కట్టు మీద అట్లాంటి సెయ్యి పడితే ఎముక అతకదంట. నువ్వు ఆడ్నే నిలబడుకో మేఘనా. మీ మామను ముట్టుకోవద్దు.”

“గ్లౌజులు తొడుక్కుంటాము అత్తా. సబ్బుతో కడుక్కుంటాము. వారం దినాలుగా నేను ఆ కోసే హాలు దిక్కే పోలేదు.”

“సబ్బుకు పోతాదా పీనిగ మైల?”

“ఏమే, పిల్ల ఎండన పడి నడిసొచ్చింది. పీనిగలూ పాడెలూ ఆనెక. ముందు మజ్జిగియ్యి.”

“మజ్జిగ వద్దు మామా. చెయ్యి మీద ఆ టవలు తియ్యి. వేళ్ళు చూడాల.”

“వేళ్ళల్లో ఏముందమ్మా సూసేదానికి? ఐదుండాయి. లెక్క సరిపోయింది.”

“నువ్వు తియ్యి అత్తా... అయ్యో. ఎప్పట్నించి ఇట్లుండాయి?”

“ఎట్లుండాయి?”

“ఉబ్బి, నల్లగా. ఆ గోర్లు చూడు, నేరేడుపండు రంగు.”

“ఎముక ఇరిగితే వాపు రాదా? మేకలకు రొట్ట కొట్టేదానికి ఎనిమిదికి సెట్టెక్కినాడు, కొమ్మ ఇరిగింది. పదికి మీ నాయిన వచ్చి కట్టినాడు. ఇప్పుడు సల్లగా ఉండాది. నొప్పి గూడా పోయింది.”

“పోయిందా? ఎప్పుడు పోయింది మామా?”

“రెండు గంటలప్పుడు. అంతకుముందు సూడల్ల నువ్వు, మంచం కోడు పట్టుకోని ఊరంతా ఇనపడేటట్టు అరిసినా. ఇప్పుడు సుకం. మీ నాయిన సేతి సలవ.”

“చల్లగా ఉండాది అన్నావే అత్తా. ఏది చల్లగా ఉండాది?”

“వేళ్ళు. కుండలో పెట్టి తీసినట్టు. లోపల మంట ఆరిపోయినట్టే గదా.”

“ఆ పక్క చెయ్యి పట్టుకో. అదీ చల్లగా ఉండాదా?”

“... లేదు.”

“ఒకే మనిషికి ఒక చెయ్యి వేడిగా, ఒక చెయ్యి చల్లగా యాల ఉండాల?”

“నన్ను పరీచ్చ పెట్టొద్దమ్మి. నేనేం సదువుకున్యానా.”

“నీకు తెలిసిందే అడుగుతా. గంగజాతరకు మేకను కోసినప్పుడు ముందుకాళ్ళు విడదీసేది ఎవరు?”

“నేనే. తల మీ మామ, కాళ్ళు నేను.”

“భుజం కింద ఒకటే పెద్ద ఎముక ఉంటాది గదా?”

“ఊ. మూలుగ ఉండేది. మీ మామ పీల్చి పీల్చి తింటాడు.”

“మనకూ అంతే. దాని కింద రెండెముకలు. మేకకు ఆ రెండూ అంటుకోని ఒకటైపోయుంటాయి. మనకు విడివిడిగా ఉంటాయి, ఒకదాని మీద ఇంకోటి తిరుగుతాది. అందుకే మనం అరచెయ్యి పైకీ కిందికీ తిప్పతాము, మేక తిప్పలేదు. మామకు ఆ రెండూ విరిగినట్టుండాయి.”

“అన్న గూడా అదే సెప్పినాడు. ఎక్స్‌రే లేకండా, వట్టిగా తడిమి సూసి సెప్పినాడు.”

“నాయిన చెప్పింటే నిజమే అయ్యుంటాది. ఎముక సంగతి నాయినకు తెలుసు. నాకు బయం ఎముక గురించి కాదు అత్తా. కండ గురించి.”

“మెత్తటి కండకు ఏమవతాది?”

“కండ మీద తెల్లటి పొర ఒకటి ఉంటాది గదా, కోసేటప్పుడు కత్తికి జారిపోయేది?”

“ఉంటాది. పాడు పొర. పండ్లతో లాగినా సాగదు.”

“అదే. సాగదు. మనిషికి గూడా సాగదు. లోపల కండ ఉబ్బతాంది, పైన ఆ పొర పట్టుకోనుండాది. దాని పైన నాయిన కట్టు. గుడ్డ, గుడ్డుసొన, వెదురు దబ్బలు. తడిగా ఉన్నప్పుడు కట్టినాడు. ఆనెక ఏం చేసినారు?”

“ఎండలో కూసోబెట్టినాము. గంటకంతా ఆరి రాయి అయిపోయింది. రాయి కావాల్నే గదా?”

“ఆరేకొద్దీ బిగుస్తాది. పైనుంచి కట్టు నొక్కతాంది, లోపల్నుంచి వాపు నొక్కతాంది. నడాన నెత్తురు పారే నరం. అది యాడికి పోవాల?”

“నేనొకణ్ణి ఈడ బతికే ఉండానమ్మా. నన్ను పక్కన పెట్టుకోని మేకను కోస్తాండారు ఇద్దరూ.”

“నీ గురించే మామా. చంకలోంచి ఒకటే వస్తాది ఆ నరం, పెన్సిలు కంటే సన్నం. మేం బ్రేకియల్ ఆర్టరీ అంటాము. భుజం కండకు లోపలి దిక్కున దిగి, మోచేతి మడత కాడ కిందికిపోయి రెండవతాది. ఒకటి బొటనవేలి దిక్కు, ఒకటి చిటికెనవేలి దిక్కు. చేతి మొత్తానికీ పెద్ద పైపు అదే. టమేటా తోటలో డ్రిప్పు పైపు మీద బండ పెడితే ఏమవతాది?”

“అవతల సెట్లు వాడిపోతాయి.”

“ఊ.”

“... నువ్వు సూసినావా దాన్ని? కండ్లారా?”

“చూసినా మామా. ఆరుగురికి ఒక చెయ్యి ఇచ్చినారు మాకు. ఎవరో ముసలాయనది. అరచేతిలో కాయలు కాసుండాయి, నీకున్నట్టే. మొదటి దినం బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్యా. ఇప్పుడు ఏ కండ కింద ఏ నరం పోతాదో కండ్లు మూసుకోని చెప్తా.”

“సాల్లే. ఆ పీనిగ మాటలు నా ఇంట్లో ఎత్తొద్దు.”

“ఒక్క నిమిషం ముట్టుకోనీ అత్తా. ఒక్కటే నిమిషం.”

“వద్దంటే వద్దు.”

“సరే. నువ్వే ముట్టుకో, నేను ఈడ్నించే చెప్తా. మణికట్టు కాడ కట్టు ఉండాదా?”

“లేదు. ఒక అంగుళం బయటే ఉండాది.”

“ఆ అంగుళంలో, బొటనవేలి దిక్కు, వేలు పెట్టి చూడు. కొట్టుకుంటాందా?”

“... ఊ. ఊ! కొట్టుకుంటాంది! సూస్తివా? దబదబా కొట్టుకుంటాంది. బయపెట్టి సంపేస్తివి గదమ్మా నన్ను!”

“ఏ వేలితో పట్టుకున్నావు?”

“బొటనవేలితో.”

“బొటనవేలికి దాని నాడి దానికుంటాది. ఆ కొట్టుకునేది నీది అత్తా. నీ గుండెకాయ. బొటనవేలు తీసెయ్. నడిమి మూడు వేళ్ళు పెట్టు. మెత్తగా. ఉండాదా?”

“...”

“అత్తా?”

“ఉండాది.”

“నిమిషానికి ఎన్నో చెప్పు. నేను ఫోన్లో టైము చూస్తా, నువ్వు లెక్కబెట్టు. ఊ, ఇప్పుడు.”

“నాకు లెక్కలు రావు.”

“నూటిరవై గొర్రెలు దినామూ లెక్కబెట్టి తోలుకొస్తావు!”

“గొర్రెలు కనపడతాయి. ఇది కనపడతాదా?”

“ఏమే, గొర్రెలంటే గుర్తొచ్చింది, ఎవురు పోయినారు తోలుకోని? ఆ సుక్కల మేక ఈనేదానికి ఉండాది, గుట్ట ఎక్కనియ్యొద్దని సెప్పినావా?”

“మామా, మేక సంగతి తర్వాత. కండ్లు మూసుకో. అత్త నీ వేలొకటి పట్టుకుంటాది. ఏ వేలో చెప్పాల.”

“ఇదేం ఆట? ఊ, మూసుకున్యా... సూపుడువేలు.”

“అత్త ఇంకా పట్టుకోనే లేదు మామా.”

“... పట్టుకున్నట్టుండె.”

“పట్టుకో అత్తా. ఇప్పుడు చెప్పు మామా.”

“ఉంగరం వేలు.”

“ఏమబ్బా... బొటనవేలబ్బా నేను పట్టుకోనుండేది. గిచ్చతాండా గదబ్బా!”

“మెల్లిగా గిచ్చింటావు.”

“గోరు దిగింది. నెత్తురు రాలా.”

“అత్తా, ఆ వేలు వదిలెయ్. గమ్మునుండు ఒక్క నిమిషం... హలో, 108ఆ అన్నా? సదుం రోడ్డు, పాల సెంటరు మలుపు కాడ. మనిషికి చెయ్యి విరిగింది, వేళ్ళకు నెత్తురు అందడంలా. కట్టు బిగిసిపోయింది... అంతసేపా? ఇంకా బిరీన రాలేరా?... సరే అన్నా, మలుపు కాడ మనిషిని నిలబెడతాము.”

“ఎవురినడిగి పిలిచినావు?”

“పుంగనూరు నుంచి రావాల, అర్ధగంట. ఈడ్నించి మదనపల్లె ఆస్పత్రికి ఇంకో గంట. కట్టు కట్టి ఇప్పటికే ఐదు గంటల పైన అయిపోయింది. అంతసేపు ఈ కట్టు ఉండగూడదు. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర యాడుండాది?”

“కత్తెర లేదు, గిత్తెర లేదు. తొమ్మిది దినాలకు ముందు కట్టు విప్పగూడదు. నడాన విప్పాలన్నా కట్టినోడే విప్పాల. అన్న కుప్పం దిక్కు ఎవురికో కాలు కట్టేదానికి పొయ్యినాడు, ఫోను ఎత్తడంలా. పొద్దు మునిగేలోపల వస్తాడు.”

“పొద్దు మునిగేతప్పటికి చెయ్యి ఉండదు.”

“నీ నోరు పడిపోను! కట్టినోని కూతురివి, నువ్వా అనేది ఆ మాట? మీ తాత కట్టినాడు, మీ నాయిన నలబై ఏండ్లుగా కడతాండాడు. ఒక్కరికన్నా సెయ్యి పోయిందా?”

“దబ్బలు అందిస్తా పెరిగినదాన్ని నేను. నాయిన మొదటి దినం వేలు దూరేంత సందు వదిలి కట్టేవాడు. మూడో దినం వాపు దిగినాక గట్టిగా కట్టేవాడు. ఇట్ల ఎప్పుడూ కట్టలా. ఈపొద్దు యాల ఇట్ల కట్టినాడు?”

“నీ మాటినే కట్టినాడు!”

“నా మాటా?”

“ఆయనే సెప్పె, ఈడ కూసోని. ‘మా మేఘన సెప్పిందిమ్మా, ఇరిగిన ఎముక వెంట్రుకంత గూడా కదలగూడదంట, కదిలితే వంకరగా అతుకుతాదంట, నేను ఇన్నాళ్ళూ వదులు పెట్టి తప్పు సేసినా’ అనె. మోకాలు ఆనించి, పండ్లు బిగబట్టి లాగి కట్టె. సూసేదానికి వచ్చినోళ్ళందరికీ సెప్పుకున్యాడు, ఇది నా కూతురి పద్దతి అని.”

“... చెప్పినా. మొన్న ఆదివారం, అన్నం తింటా చెప్పినా. వాపు సంగతి చెప్పలా.”

“యాల సెప్పలా?”

“అప్పటికి నాకే తెలీదు. సీనియరక్క పుస్తకం తెచ్చుకోనుంటే, నిన్న రాత్రి చదివినా.”

“ఆదివారం ఒకటి సదివినావు. నిన్న ఇంకోటి సదివినావు. రేపు ఇంకోటి సదవతావు. ఎట్ల నమ్మేది నిన్ను?”

“నమ్మొద్దు. నన్ను నమ్మొద్దు అత్తా, నీ వేళ్ళను నమ్ము. నాడి ఉండాదా, లేదా?”

“ఉండాదని సెప్తి గదా!”

“మళ్ళీ పెట్టి చూడు.”

“ఎన్నిసార్లు పెట్టాల?”

“పెట్టు.”

“పెట్టను! రామసముద్రంలో మా సిన్నమ్మ కొడుకు గిరిబాబు ఇట్లే ఆస్పత్రికి పోయినాడు. పోయేటప్పుడు రెండు సేతులు, వచ్చేటప్పుడు ఒకటి. ఇప్పుడు అంగీ గుండీలు వాళ్ళమ్మ పెడతాది. ఈయనకు నలబై ఎనిమిదేండ్లు. ఒంటి సేత్తో గొర్రెను యాడ పట్టుకుంటాడు? రొట్ట యాడ కొడతాడు?”

“గిరిబాబు చిన్నాయన ఎన్ని దినాలకు పోయినాడు ఆస్పత్రికి?”

“ఆరో దినమో, ఏడో దినమో.”

“ఇప్పుడు పోతే వేరే అత్తా. కట్టు విప్పి, ఆ తెల్లటి పొరను నిలువునా కోసి వదిలేస్తారు. కండకు చోటు దొరుకుతాది, నెత్తురు దిగుతాది. చెయ్యి నిలిచేదానికి దారుంటాది.”

“సూస్తివా, కోస్తారని నీ నోటితోనే అంటివి!”

“ఇప్పుడు పొరను కోస్తారు. రేపు చెయ్యిని కోస్తారు. నాయిన కట్టిన కట్టు ఇది. విప్పితే నాయిన నాతో మాట్లాడడు, తెలుసు నాకు. కత్తెర ఇయ్యి.”

“ఇయ్యను. అన్న మళ్ళీ ఈ గడప తొక్కడు. నాకు ఉండేది ఒక్క అన్న.”

“మామా, నువ్వన్నా చెప్పు. నీ చెయ్యి గదా. వేలు కదిలించు, ఒక్క వేలు. చిటికెనవేలు.”

“... కదిలిస్తానే ఉండానమ్మా.”

“కదలడంలా మామా.”

“ఆయన్ను వదిలిపెట్టు మేఘనా! బాగుండాడు ఆయన. పొద్దన మంచం ఇరగ్గొట్టేటట్టు దొర్లినోడు, ఇప్పుడు సుక్కల మేకను అడగతాండాడు. సంగటి గూడా తిన్యాడు. మీ పుస్తకంలో ఏమన్నా రాసుండనీ, నొప్పి పోతే బాగయినట్టు కాదా? నువ్వే సెప్పబ్బా ఈ పిల్లకు. ఆ పక్కకు సూస్తావేమి? నొప్పి పోతే బాగయినట్టే గదా?”

“రెండు గంటల కాడ్నించి నేను ఒకటే తలుసుకుంటాండానే. పొట్టేలికి వట్టల మీద దారం బిగించి కట్టేది నేనే గదా. కట్టంగానే కింద పడి దొర్లుతాది, అరుస్తాది. రోంతసేపటికి నొప్పి పోతాది, లేసి మేతకు పోతాది. పది దినాలకు కట్టిన కాడికి ఎండి, మేసే కాడే రాలిపోతాది.”