సాక్షి సంతకం

తెలంగాణ బంద్ నాడు, ఎల్బీనగర్ దిక్కు ఒక సర్కారు దవాఖానలో, బాలింతల వార్డు బయట బెంచీ మీద కూతురి కాన్పుకని నల్గొండ నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చుంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నర్సు ఆమె పక్కన చేరింది.

"పురిటిగదిలో డాక్టరు మీ అమ్మాయిని చెంపమీద కొట్టాడమ్మా. కంప్లైంటు రాసివ్వండి."

"నొప్పులకు ఒర్రిందని కొట్టిండు. పోనీ సిస్టర్. తల్లీపిల్లా మంచిగున్నరు, గంతే చాలు."

"నొప్పులు పడే మనిషిని కొట్టే హక్కు ఎవరికీ లేదు."

"రేపు మళ్ల చూసేది గాయననే గద?"

"కాదు. మీరు రాసిస్తే, ఎంక్వైరీ అయ్యేదాకా ఆయన్ని రానివ్వరు. సూపరింటెండెంటు గారిని అడిగే వచ్చాను."

"మా మాట ఎవరు నమ్ముతరు?"

"నేను చూశాను. సాక్షిగా సంతకం పెడతాను."

"నువ్వా? ఆయన మా దిక్కాయన, నువ్వు ఆంధ్రామెవు. గీ రోజులల్ల ఏమంటరో ఎరికేనా?"

"తెలుసమ్మా. భయంగానే ఉంది. అయినా పెడతాను."

"అయితే రాయి. నా బిడ్డతోని సంతకం పెట్టిస్త. నేను సుత తెలంగాణ కోసం ధర్నాలల్ల కూసున్నదాన్నే. నిన్ను ఎవరన్న ఏమన్నంటే నేను మాట్లాడ్త."

మధ్యాహ్నానికల్లా ఆ డాక్టరును పురిటిగది డ్యూటీ నుంచి తప్పించారు. నర్సు పరుగున వచ్చి చెప్పింది.

"ఇంకో మాటమ్మా. ఇవాళ్టి నుంచి పురిటిగదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనిస్తారట."

"లోపల ఇప్పుడెవరున్నరు?"

"ఒకమ్మాయి ఉంది. బస్సుల్లేక వాళ్లమ్మ పెద్ద అంబర్‌పేట్ దగ్గరే ఆగిపోయింది."

"పా, ఆమె వచ్చేదాంక నేనుంట."