తీసెయ్యాల్సిన పేరు

యలహంక పాత ఊళ్లో కెంపమ్మ ఇల్లు. కెంపమ్మ, ఆమె భర్త వెంకటగిరియప్ప, పాత నవలను మళ్లీ అచ్చేయడానికి వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన అచ్యుత్.

“మళ్లీ అడుగుతున్నా తాతగారూ. ఈ నవల మీరే రాశారా?”

“అరవై ఏండ్లుగా దానిమీద నా పేరే ఉండాది కదప్పా.”

“కాన్పు గది మీదే ఒక అధ్యాయం ఉంది. మీకెలా తెలుసు?”

“పక్క గదిలో ఉంటిని. వింటిని.”

“ఆ దినం మీరు ఆనేకల్లో పేకాట ఆడుతా ఉంటిరి.”

“చూడప్పా, ఎట్ల మాట్లాడుతాదో.”

“మీరు చెప్పండి అమ్మమ్మగారూ. కవర్ సాయంత్రం ప్రింటుకి వెళ్లిపోతుంది.”

“నేనే రాసినా. నాలుగు నవలలూ. ఆడదాని పేరున పోస్టు వస్తే వీధంతా విచారిస్తారని, చిరునామాలో ఈయన పేరు పెడితి. వారపత్రికోళ్లు ఆ పేరే అచ్చేసిరి.”

“దిద్దించలేదా?”

“వాళ్ల ఆఫీసుకు పోతిని. ఏ పేరు తీసెయ్యాలమ్మా అనె అక్కడాయన.”

“చెప్పాల్సింది.”

“మొగుని పేరు ఎట్ల చెప్పేదప్పా?”

“తాళిబొట్టు చూపించిందంట. ఆయనకేం అర్థమవుతాది? బస్సెక్కి వచ్చేసె.”

“నవ్వండి. మొగుని పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతాదని చెప్పింది మీయమ్మే.”

“తర్వాతి నవలలకైనా...”

“అప్పటికి ఈయన సన్మానాలకు పోతా ఉండె. శాలువలు తెస్తా ఉండె.”

“అవన్నీ నీకే ఇస్తి కదా.”

“అవి కప్పుకొనే మిగతావి రాస్తి.”

“అచ్యుతప్పా, ఈ వీధిలో నన్ను రైటరప్ప అంటారు. రేపట్నుంచి ఏమని పిలుస్తారు?”

“ఏమో తాతగారూ. అమ్మమ్మగారూ, ఫోన్లో రికార్డు చేస్తా. రేపు ఎవరడిగినా నాకు మీ మాటే ఆధారం. ఎవరి పేరు తీసెయ్యాలో మీ నోటితో చెప్పాలి.”

“చెప్పదులే. జనాభా లెక్కలోళ్లు వస్తే పక్కింటామెతో చెప్పించె.”

“ఆన్ చేశాను. చెప్పండి.”

“ఉండప్పా. ఇదో, మీకిప్పుడు ఎన్నేండ్లు?”

“తొంబై మూడు. ఎందుకు?”

“చాలు. రాసుకో నాయనా. వెంకటగిరియప్ప.”