ఖాళీ పలక

"ఆసుపత్రి లిఫ్టును మళ్లీ నడపనిచ్చింది మీరే! ఎవరికైనా ఏమైనా అయితే ఆ పాపం మీదే!"

లిఫ్టులు తనిఖీ చేసే ఆమె చేతి కంప్యూటరును పై అధికారి బల్ల మీద ఠపీమని పెట్టింది. చిన్న తెర, దాని మీద రాయడానికి ఒక ప్లాస్టిక్ పుల్ల. ఆఫీసులో అందరూ దాన్ని పలక అంటారు.

"అరవకమ్మా. నీ పలకలో ఒక్క లోపమూ లేదు. చూశాకే అనుమతి ఇచ్చాను."

"లోపం లేకపోవడం కాదు సార్, అందులో అసలేమీ లేదు! లిఫ్టును మోసే ఇనప తాడు తీగలు తెగి పీచులా లేచాయని నిన్న ఈ పుల్లతోనే రాశాను. బ్యాటరీలు చచ్చి, కొత్తవి వేసేసరికి రాసిందంతా తుడిచిపెట్టుకుపోయింది."

"కాగితం మీద కూడా రాసుకోవద్దూ?"

"కాగితం పడితే పాతకాలపు దానివని వెక్కిరించి, మా పుస్తకాలు లాక్కున్నదెవరు?"

ఆయన పుల్లతో తెరను పొడిచి చూశాడు. గడులన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఖాళీగా ఉంటే బాగున్నట్టే అనుకున్నా..."

"పలక మర్చిపోతే తెగిన తాడు అతుక్కుంటుందా? ఆపమని వెళ్తే ఆసుపత్రివాళ్లు మీ సంతకం చూపించి నన్ను గెంటేశారు!"

"ఇప్పుడు ఆపిస్తే, పట్టుబట్టి ఈ పలకలు కొనిపించినవాణ్ణి, పైవాళ్లకు నా ముఖం ఎలా చూపించను?"

"మీ ముఖం సంగతి తర్వాత. ఈపాటికి స్ట్రెచర్లు ఎక్కిస్తుంటారు. ముందు ఫోను తీయండి. లిఫ్టు ఆపించండి. ఆ తర్వాత మా పుస్తకాలు మాకివ్వండి!"