నర్సు వేషం

ఏడుపు ఆపు ముందు. ఆ కన్నీళ్ళు కెమెరా ముందు పనికొస్తాయేమో, నా వార్డులో వాటితో ఏం పని? కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు విరిగింది.

మీ డైరెక్టరు ఫోన్ చేసినప్పుడే అనుకున్నా, ఇది కొరివితో తల గోక్కోవడమేనని. కొత్త హీరోయినట, నర్సు వేషమట, మా వార్డులో తిరిగి నడక నేర్చుకుంటుందట! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నేల మీద కూడా పరుపులేశాం. చూసేవాళ్ళం ఇద్దరే నర్సులం, నేనూ, నిండు నెలల ఇంకో పిల్లా. మొన్న సెలైన్ అయిపోయి ఒకావిడకి గొట్టంలోకి రక్తం వెనక్కెక్కింది, చూసే దిక్కు లేదు. అయినా మా సూపరింటెండెంటుగారి మొహం చేటంతయింది. సినిమావాళ్ళు కదా, ఫొటో దిగొచ్చు.

సరే, వచ్చావు. యూనిఫారం ఇస్తే నడుం దగ్గర బిగుతుగా కుట్టించుకొచ్చావు. అది వేసుకుని వంగి ఒక్క మంచమైనా సర్దగలవా? నేను బెడ్‌పాన్ పట్టుకుని పరిగెడుతుంటే, వెనకే వచ్చి నా చెయ్యెలా ఊగుతోందో చూశావు. బెడ్‌పాన్ మాత్రం అందుకోలేదు. పోనీలే అని ఊరుకున్నా.

ఇవాళ ఆ పెద్దాఫీసరు ఎందుకొచ్చాడో తెలుసా? పొద్దున్నే చెప్పాను, నువ్వు అద్దంలో టోపీ సర్దుకుంటున్నావు. మాకింకా నర్సులు కావాలో వద్దో చూడ్డానికొచ్చాడు తల్లీ! ఎన్ని అర్జీలు పెడితే వచ్చాడో! నేనేమో ఫిట్స్ వచ్చినావిడ దగ్గర, కదల్లేను. ఆయన నేరుగా నీ దగ్గరికే వచ్చి, పని ఎక్కువగా ఉందా అమ్మా అనడిగాడు.

నేను సినిమా నటిని సార్ అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఉహుఁ. తల పక్కకి వాల్చి, ఆ నవ్వొకటి నవ్వి, "సేవ చేసేవాళ్ళకి అలసటేంటి సార్, మాకేం ఇబ్బంది లేదు" అన్నావు.

ఏంటీ? వేషంలోంచి బయటికి రాకూడదన్నాడా మీ డైరెక్టరు? భేషుగ్గా చెప్పాడు. ఆఫీసరు మురిసిపోయాడు. ఇలాంటి నర్సులుంటే కొత్తవాళ్ళెందుకని సూపరింటెండెంటుగారి భుజం తట్టి బయల్దేరాడు. వెనకాలే పరిగెత్తి, మీతో మాట్లాడిన పిల్ల నర్సు కాదండీ అన్నాను. నమ్మలేదు. వయసులో ఉన్నవాళ్ళంటే నాకు కుళ్ళట! మా సూపరింటెండెంటుగారు చెప్పొచ్చుగా అంటావా? నేల చూపులు చూశాడు. నర్సు కానిదానికి యూనిఫారం ఎందుకిచ్చావంటే ఆయన కుర్చీ పోదూ?

కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని ఊరికే అన్నారా?

రేపు ఆ నిండు నెలల పిల్ల పురిటికి వెళ్ళిపోతుంది. దాని బదులు ఎవరూ రారు. నేనొక్కదాన్నే, అంతమందికి. నాకు భయంగా ఉంది, తెలుసా?

క్షమించమని అడక్కు, వినే తీరిక లేదు. జడ ముడేసుకో. ఆ గోళ్ళు కత్తిరించు. గ్లౌజులు తొడుక్కుని రా, చివరి మంచం ముసలావిడ పక్క తడిపింది. మనిషిని ఎలా ఒత్తిగిలించాలో, ఎలా తుడవాలో చూపిస్తా.

సినిమాకి కాదు. ఆఫీసరు లెక్కలో నువ్వు నర్సువేగా. పొద్దున డ్యూటీకి రా.