పల్లాలమ్మ పొయ్యి

పల్లాలమ్మని ఒకావిడ ఉండేదంట, గోదారి నడుమ లంకలో. మొగుడు పోయాడు, ఎకరం నేల మిగిలింది. ఏమైందంటే, ఓ ఏడు వరదొచ్చి ఆ ఎకరాన్ని పెళ్ళలు పెళ్ళలుగా కోసుకుపోయింది. కళ్ళ ముందే, దోసపాదులతో సహా! ఆవిడ ఒడ్డున కూలబడి ఏడుత్తుంటే బావగారు సూరన్న వచ్చి, పోయిందేదో పోయిందిలే, నా చేలో కూలికి రా, తిండికి లోటుండదు అన్నాడంట. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "నా నేల్లో నేను వంగి పని చేసుకున్నదాన్ని బావగారూ, ఇంకోళ్ళ గట్టు మీద చేతులు కట్టుకు నిలబడను" అందంట. మరి పౌరుషం అలాంటిది!

వరద తీసింది. తీస్తే ఏటి నడుమ ఓ ఇసక తిప్ప తేలింది. ఆ లంకోళ్ళకో కట్టుబాటుంది, వినండి. కొత్త తిప్ప ఎవరిదంటే, ఆ తిప్ప మట్టితోనే పొయ్యి చేసి, దాని మీద పాలు పొంగించినోళ్ళది. బయటి మట్టి పిడికెడు కూడా తేకూడదు. సూరన్న ఊరుకుంటాడా? ఊరందర్నీ పడవలెక్కించుకెళ్ళి, ఇసక తడిపి పొయ్యి పెట్టాడు. మంటకి ఇసక ఆరింది, పొయ్యి జారింది, పాలకుండ బోర్లా పడింది. జనం నవ్వలేక చచ్చారనుకోండి! పల్లాలమ్మ మాత్రం నవ్వలేదు. తిప్ప కొసని ఓ రెల్లు దుబ్బు, దాని వెనకాల చారెడు మెత్తటి ఒండ్రుమట్టి కనపడ్డాయి ఆవిడకి. ఓహో, పరిగెత్తే నీరు కోసేత్తాది, గడ్డి అడ్డొచ్చి నెమ్మదిత్తే మోసుకొచ్చిన మట్టి దింపేసి పోతాది, అనుకుంది. అంతే, రోజూ దోనేసుకెళ్ళి రెల్లు పాతడమే, పాతడమే. "గోదారికి గడ్డితో కళ్ళెం వేత్తావా అమ్మాయ్?" అని సూరన్న ఎగతాళి. "కళ్ళెం కాదు బావగారూ, కూర్చోమని పీట వేత్తన్నా" అందంట.

వరదకి ఎర్రనీళ్ళు వచ్చాయి, పోయాయి. మళ్ళీ వచ్చాయి, పోయాయి. ఎక్కడో కొండల్లో అరిగిన మట్టంతా వచ్చి ఆ రెల్లులో దిగింది. అలా కొన్నేళ్ళకి, ఓ వరద తీసాక పల్లాలమ్మ తిప్ప మీద కాలెడితే మోకాలి దాకా దిగిపోయింది. ఒండ్రు! ఊరంతా చూత్తుండగా ముద్దలు తీసి పొయ్యి చేసింది, ఎండనిచ్చింది, వెలిగించింది. పొయ్యి చెక్కు చెదర్లేదు, పాలు పొంగి పొర్లాయి. ఈలలు, కేకలు, డప్పులు! "ఇది నా నేల!" అని అరిచిందంట, అవతలి ఒడ్డుకి వినపడేలా.

ఆ ఏడు దోసకాయలు విరగ్గాసాయి. కొయ్యడానికి మనుషులు చాలక సూరన్న కూడా గంప నెత్తినెట్టుకుని వచ్చాడంట. ఆవిడేమీ అనలేదు లెండి, చల్లటి మజ్జిగిచ్చింది. నేనైతే అనేదాన్నే.