అబ్బాయిరాజుగారి అమెరికా కారు దానం

“వ్యాను ఇమ్మని అడిగారు, బాగానే ఉంది కృపమ్మగారూ. కానీ అబ్బాయిరాజు పాత వ్యాను దానమిచ్చాడంటే నా పరువేం కానండి? నేను దానమంటూ చేస్తే అమెరికా కారే చేశాను గానీ ఇలాంటి డొక్కులు చెయ్యలేదండి” అని మొదలెట్టారు రాజుగారు.

ఆకివీడులో నా టీ కొట్టు బల్ల మీద ఆయన కూర్చున్నారంటే ఇక లేవరు. చేపల చెరువులున్న మనిషి. చెయ్యి కాస్త బిగువు, నోరు మాత్రం ధారాళం. ఎదురుగా కూర్చున్న కృపమ్మగారు చర్చి తరఫున వృద్ధుల హోం చూసుకునే ఆవిడ. ఆ హోంలో మణెమ్మ అనే ముసలావిడకి కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం డయాలసిస్‌కి ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆటోలో ఆ గతుకుల్లో పడి తిరిగొచ్చేసరికి ఆవిడకి ప్రాణాలు కళ్ళల్లోకొస్తున్నాయి. రాజుగారికేమో మేత బస్తాల కోసం కొన్న వ్యాను ఒకటుంది. కొత్త బండి కొన్నాక బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడు తిప్పడమే తప్ప దానికి పని లేదు. ఇవాళా అలాగే తిప్పుకుంటూ వచ్చి నా కొట్టు ముందు ఆపారు. అది చూసే కృపమ్మగారు వచ్చి అడిగారు.

“అమెరికా కారేంటండీ?” అన్నాడు పక్కనున్న చేపల లారీ డ్రైవరు వరదానం. అడక్కుండా ఉంటే బాగుండేది.

“చెప్తాను, తొందరెందుకు. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని చూడ్డానికి ఒక దొరగారు వచ్చాడండి. అద్దె కార్లలో కూర్చుంటే ఆయనకి నడుం పట్టేస్తుందట, అందుకని సొంత కారు కూడా ఓడెక్కించుకుని కాకినాడలో దిగాడు. ఆ కారు మా చెరువు గట్టు మీద దిగబడింది. పాపం, పరాయి దేశం మనిషి కదా అని ట్రాక్టరు పిలిపించి లాగించాను. అంతే. ఇందులో నా గొప్పేం లేదండి.”

“మంచి పని చేశారండి” అన్నారు కృపమ్మగారు.

ఆ ఒక్క మెచ్చుకోలు చాలు ఆయనకి. కాలు మీద కాలేసుకున్నారు.

“నిజానికి ట్రాక్టరు కూడా దిగబడిపోయిందనుకోండి. అప్పుడు నేనే పంచె ఎగ్గట్టి, వల తాడు కారుకోటి ట్రాక్టరుకోటి కట్టి, రెండిట్నీ కలిపి ఒక్క గుంజు గుంజాను. రెండూ గట్టెక్కాయి. వాటితోపాటు గట్టు కూడా కాస్త ఇటు జరిగిందని పక్క చెరువాయన ఇప్పటికీ గొడవపడుతూనే ఉన్నాడు. దొరగారు అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడండి. ‘రాజుగారూ, దీని పేరు మస్టాంగు. మా దేశంలో ఇలాంటిదాన్ని కండల కారంటారు. దీన్ని తోలే కండ నాకు లేదు, మీకుంది, ఉంచేసుకోండి’ అని తాళం నా చేతిలో పెట్టి, కైకలూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు.”

“తెలుగులోనే చెప్పాడాండీ?” అన్నాను నేను.

“మన గూడబాతుల దగ్గర నేర్చుకున్నాడయ్యా పాపారావూ. నువ్వు టీ వడకట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారు స్టార్టవ్వదు. తాడేపల్లిగూడెం నుంచి మెకానిక్కుని పిలిపిస్తే, బానెట్టెత్తి చూసి దణ్ణం పెట్టాడు. ‘దీనికి నాలుగొందల గుర్రాల బలం ఉందండి’ అన్నాడు. గుర్రాలైతే పెట్రోలెందుకు తాగుతాయయ్యా అని, నేను బానెడు ఉలవలు ఉడకబెట్టించి ఆ నీళ్ళు ట్యాంకులో పోయించాను. ఒక్క సకిలింపు సకిలించిందండి. ఉంగుటూరులో గేదెలు పలుపులు తెంపుకున్నాయి. గూడెం స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సు బండి, ఇంజను కూడా తగిలించకుండానే నిడదవోలు వెళ్ళిపోయింది.”

“మరి తోలారాండీ దాన్ని?” అన్నాడు వరదానం.

“తోలకేం. పొద్దున్నే గూడెంలో టిఫిను చేద్దామని బయల్దేరాను. నా నీడ ఉంగుటూరు దగ్గర వెనకపడిపోయింది. నేను పెసరట్టు తిని చెయ్యి కడుక్కుంటుంటే అప్పుడొచ్చి చేరింది, రొప్పుకుంటూ. పాపం దానిక్కూడా కాఫీ చెప్పాను. తిరిగొచ్చేటప్పుడు ఏలూరులో కాస్త పనుందని, రోడ్డంతా జనం ఉన్నారు, ఎవరికైనా తగిలితే పాపం కదా అని కొల్లేట్లోకి దింపేశాను.”

“నీళ్ళలోకాండీ?”

“నీళ్ళ మీదండి. మునగాలంటే చక్రం ఒకచోట నిలబడాలా వద్దా? గూడబాతులు పోటీకొచ్చి, సగం దూరంలో అలిసిపోయి టాపు మీద కూర్చున్నాయి. బొచ్చె చేపలూ శీలావతులూ వాటంతటవే ఎగిరి డిక్కీలో పడ్డాయి. డిక్కీ నిండి వెనక సీట్లోకి కూడా వచ్చాయండి. ఏలూరు ఒడ్డెక్కి చూస్తే, ఆ గాలికే అన్నీ గడ్డకట్టి ఉన్నాయి, ఐసు ముక్క వెయ్యకుండా.”

“నేను రోజూ ఐసు కొట్టించలేక చస్తున్నానండి” అన్నాడు వరదానం.

కృపమ్మగారు గ్లాసు కింద పెట్టారు. “రాజుగారూ, మణెమ్మని రేపు పొద్దున్నే మళ్ళీ తీసుకెళ్ళాలండి. పోయినసారి ఆటోలో కళ్ళు తేలేసింది. దారిలో నా ఒళ్ళోనే పోతుందేమోనని భయపడ్డాను. వ్యాను సంగతి...”

“అక్కడికే వస్తున్నానండి. ఇంత వైభోగం నా ఒక్కడికెందుకు అనిపించింది. జంగారెడ్డిగూడెం అవతల అనాథ పిల్లల హోం ఉంది. వాళ్ళ చర్చిలో కోత పండగ. మీకు తెలీందేముంది, గుమ్మడికాయలూ కోళ్ళూ బియ్యం బస్తాలూ కానుక తెస్తారు, ఆరాధనయ్యాక వాటిని వేలం పాట పెడతారు. నేను వెళ్ళి గుమ్మడికాయల పక్కన కారు పెట్టాను.”

“పాట ఎంతదాకా వెళ్ళిందండి?” అన్నాను.

“అది చెప్తే పుణ్యం పోతుందయ్యా. పాడుకున్నాయన ఏమన్నాడో తెలుసా? ‘ఇంత కారు నాకెందుకు, నా కానుకగా మళ్ళీ పాట పెట్టండి’ అన్నాడు. ఆ తర్వాతాయనా అంతే. ఆ తర్వాతాయనా అంతే. పాట పాటకీ పిల్లల హోంకి ఒక అంతస్తు లేచింది. పొద్దుగూకేసరికి పైఅంతస్తు మబ్బుల్లోకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ పిల్లలు కిటికీలోంచి చెయ్యి చాపి, మబ్బు పిండుకుని మొహం కడుక్కుంటారండి.”

“నేను జంగారెడ్డిగూడెం లోడు తోలుతూనే ఉంటానండి. అలాంటి మేడ నాకెప్పుడూ కనపడలేదే?” అన్నాడు వరదానం.

“మబ్బుల్లో ఉందంటుంటే ఎలా కనపడుతుందయ్యా?”

“కిందంతస్తయినా కనపడాలి కదండీ.”

“దాన్ని గుమ్మడిపాదు కమ్మేసింది. అడ్డం పడకు. చివరికి ఏమైందీ, పాడేవాళ్ళు అయిపోయారు, కారు మిగిలిపోయింది. అప్పుడు ఆ హోం పెద్దమ్మగారిని పిలిచి నా చేత్తో తాళం ఇచ్చేశానండి. అది చూడాలి మీరు. ఏలూరు నుంచి రాజమండ్రి దాకా జనం. చెప్తే తెలీదు, చూపిస్తాను. కృపమ్మగారూ, మీరే ఆ పెద్దమ్మగారనుకోండి. ఏదీ, చెయ్యి చాపండి.”

కృపమ్మగారు పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుని చాపారు. రాజుగారు లేచి నిలబడి, జేబులోంచి వ్యాను తాళం తీశారు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు.

“ఇలా పెట్టానండి తాళం. పెట్టి, అందరూ వినేలా చెప్పాను. ‘అమ్మా, ఇవాళ్టి నుంచి ఈ బండి మీది. ఇచ్చిన చేత్తో వెనక్కి తీసుకుంటే నేను అబ్బాయిరాజునే కాను’ అన్నాను.”

కృపమ్మగారు వేళ్ళు ముడిచారు.

“చాలా సంతోషమండి. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక” అన్నారు మెల్లగా.

“ఆమేన్” అన్నాడు వరదానం. నేనూ అన్నాను.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా...” అని రాజుగారు అందుకోబోయి, ఆవిడ పిడికిలి చూసి ఆగిపోయారు. “ఏవండీ, అది మా వ్యాను తాళమండి.”

“తెలుసండి. ఆ అమెరికా కారు జంగారెడ్డిగూడెం వాళ్ళనే ఉంచుకోనివ్వండి. అందులో మనిషిని పడుకోబెట్టడానికి చోటుండదు. మా మణెమ్మకి ఇదే నయమండి.”

“నేను ఎలా ఇచ్చానో చూపించానంతేనండి...”

“చూశామండి అందరం” అన్నారు కృపమ్మగారు. ఒక్క క్షణం ఆగి పిడికిలి విప్పారు. “మీకు కష్టమనిపిస్తే తీసేసుకోండి రాజుగారూ. నేనేం అనుకోను. రేపు కూడా ఆటోలోనే తీసుకెళ్తాను.”

తాళం ఆవిడ అరచేతిలో ఉంది. ఎక్కడ తీసేసుకుంటారోనని నేను టీ వడకట్టడం ఆపేశాను. రాజుగారు మమ్మల్ని చూశారు, వ్యాను చూశారు. చెయ్యి లేచింది గానీ, వెళ్ళి మెడ గోక్కుంది.

“రెండో గేరు గట్టిగా పడుతుందండి” అన్నారు చివరికి. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. “డీజిలు కూడా అంతంతమాత్రం. కైకలూరు దాటేలోగా కొట్టించుకోండి. లోపల మేత వాసనుంటుంది, కడిగించి పరుపు వేయించండి. ముసలావిడకి వికారం పెడుతుంది.”

కృపమ్మగారు రెండు చేతులూ జోడించారు. వరదానం స్టీరింగు పట్టుకున్నాడు, ఆవిడ పక్కన కూర్చున్నారు. రెండో గేరు నిజంగానే గట్టిగా పడింది, మాకు ఇక్కడిదాకా వినపడింది. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి, రాజుగారు బల్ల మీద కూర్చుని ఇంకో టీ చెప్పారు.

కాసేపటికి మేత కొట్టు వీరేంద్ర వచ్చాడు. “ఇందాక మీ వ్యాను ఇక్కడే చూశానే, ఏదండీ రాజుగారూ?” అన్నాడు.

“ఇచ్చేశానయ్యా. చర్చి వాళ్ళ హోంకి.” అంతకి మించి ఒక్క ముక్క చెప్పలేదు ఆయన.

వీరేంద్ర పకపకా నవ్వాడు. “అలాగేనండి. ఇది నీళ్ళ మీద వెళ్ళిందా, గాల్లో వెళ్ళిందా?”

“ఒట్టయ్యా. కావాలంటే పాపారావుని అడుగు.”

“నిజంగానే ఇచ్చేశారండి. నా కళ్ళతో చూశాను” అన్నాను.

వీరేంద్ర నా వంక జాలిగా చూశాడు. “పొద్దస్తమానం ఆయన పక్కనే ఉంటే అంతేనండి పాపారావుగారూ. మీకూ అంటుకుంది.”