బ్రేకు తొక్కని మాస్టారు

అధ్యక్షులవారూ, ముందు మీ మాట ఒకటి సరిదిద్దాలి. మన మాస్టారు ఏ విచారమూ లేకుండా, నిండు మనసుతో వెళ్లిపోయారని ఇందాక మీరన్నారు. వినడానికి బాగుంది. నిజం కాదు. మీ డ్రైవింగ్ స్కూల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన ఆ మనిషికి రెండు విచారాలుండేవి. రెండూ నాకు చెప్పారు. హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసినదాన్ని కదా, ఎదుటివాళ్లు ఒప్పుకునేదాకా కదలకుండా చూస్తూ కూర్చోవడం నాకు అలవాటు.

మిత్రులారా, ఈ హాల్లో సగం మందికి ఆయన కారు నేర్పారు. మిగతా సగం ఆ కార్లకు అడ్డం రాకుండా తప్పుకున్నవాళ్లు. అందరం ఆయన్ని పోగొట్టుకున్నాం.

ఆయన పద్ధతి గుర్తుందా మీకు? నేర్పే కారులో పక్క సీటు ముందర కూడా ఒక బ్రేకుంటుంది, మాస్టారి కోసం. ఈయనేం చేసేవారు? చెప్పులు విప్పేసి, రెండు కాళ్లూ పైకి తీసుకుని, సీటు మీద మఠం వేసుకుని కూర్చునేవారు. నేను తొక్కను, మీరే తొక్కాలి అని నోటితో చెప్పే పని లేకుండా. మనిషో కుక్కో అడ్డం వస్తే ఆ కాలు ఎప్పుడు దిగిందో కంటికి కనిపించేది కాదు. గోడలకూ గేట్లకూ మాత్రం దిగేది కాదు.

గేటు సంగతి నాకెలా తెలుసంటారా? అరవై ఆరో ఏట నేర్చుకుంటానని బయల్దేరాను. 'ఈ వయసులో ఎందుకమ్మమ్మా, ఎక్కడికెళ్లాలన్నా నేను తీసుకెళ్తాగా' అన్నాడు మనవడు. ఆ మాట నమ్మి అప్పటికే నాలుగు పెళ్లిళ్లకు భోజనాలయ్యాక వెళ్లాను. పాఠాల్లో మూడో రోజున తిన్నగా పోయి లైబ్రరీ గేటును గుద్దాను. గేటు ఒక పక్కకు ఒరిగింది. మాస్టారు మఠం విప్పలేదు. 'పెద్దమ్మగారూ, గేటు ఎంత దూరంలో ఉందో ఇప్పుడు మీకు ఖాయంగా తెలిసింది. వెనక్కి తీయండి' అన్నారు. ఆ గేటు మర్నాడే బాగు చేయించాను. అరవై ఆరేళ్ల దాకా స్టీరింగు పట్టుకోకపోవడాన్ని బాగుచేసే మేస్త్రీ మాత్రం ఇంకా దొరకలేదు.

ఇక ఆయన మొదటి విచారం. కొత్తలో ఒక నర్సుకు నేర్పుతున్నారు. ఆ అమ్మాయి మలుపు సరిగ్గానే తిప్పుతోంది. ఈయనకే గుండె జారింది. బ్రేకు తొక్కేశారు. 'నా వల్ల కాదని మీకే అనిపించింది కదండీ' అని ఆ అమ్మాయి దిగి నడిచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మాస్టారేం చేశారు? ఆసుపత్రికి వెళ్లారు. ఒకసారి కాదు, అయిదు ఆదివారాలు. ఏ జబ్బూ లేకుండా రోగుల వరసలో నిలబడ్డారు. 'తప్పు మీ చేతులది కాదు, నా కాలిది' అని చెప్పి, వెనక్కి తీసుకొచ్చారు. కాళ్లు మడవడం అప్పుడు మొదలైందే. ఆ నర్సు అదిగో, మూడో వరసలో ఉంది. ఎన్ని కాన్పులు చేయడానికి కారు తనే నడుపుకుంటూ వెళ్లిందో లెక్క లేదు. ఆ విచారం అలా అరిగి అరిగి, ఇద్దరూ చెప్పుకుని నవ్వుకునే కథ అయింది.

రెండోది అరగలేదు. అది చేసినది కాదు, చెయ్యనిది.

పెళ్లయిన ఏడాదే ఆయన భార్య అడిగింది, నాకూ నేర్పరూ అని. వచ్చే నెల అన్నారు. తరవాత పిల్లలు. తరవాత వానలు. తరవాత రోడ్ల మీద రద్దీ. ఊరంతటికీ నేర్పిన మనిషి ఇంట్లో మాత్రం జీవితమంతా వచ్చే నెలే అన్నారు. మొన్న ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని నిలదీశాను. 'ఎవరి పక్కనైనా కాళ్లు మడుచుకోగలను పెద్దమ్మగారూ, ఆవిడ పక్కన నా వల్ల కాదు. ఏమవుతుందోనని ముందే తొక్కేస్తాను. తొక్కిన బ్రేకుకి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. నేర్పని పాఠానికి ఏం చెప్పుకోను?' అన్నారు.

చేసిన తప్పులన్నీ దిద్దుకుంటే పోతాయని నేననను. పోనివి ఉన్నాయి, నా దగ్గరే ఉన్నాయి. కానీ చేసినదానికి ఒక తేదీ ఉంటుంది. ఒక గేటుంటుంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డానికి ఒక మనిషి ఉంటుంది. చెయ్యనిదానికి ఏముంది? వచ్చే నెల ఉంది.

రోజూ తన భయాన్ని సీటు మీద మడిచి పెట్టుకుని మనకు ధైర్యం నేర్పారాయన. ఒక్కచోట చేతకాలేదు. చేతకాలేదని ఒప్పుకున్నారు. అంత నిజాయితీ నా సర్వీసులో ఎక్కువమందిలో చూడలేదు, అద్దంలో చూసుకున్నప్పుడు కూడా.

ఇదంతా ఆయన భార్యను అడిగే చెబుతున్నాను. 'మీరే చెప్పండి, నేను చెబితే ఏడుస్తాను' అంది. పొద్దున ఇంకో మాట కూడా అడిగాను, నాకు లైసెన్సుంది, రేపటినుంచి నేను నేర్పనా అమ్మాయ్ అని. 'భయమేస్తోందండీ' అంది. భయమంది గానీ వద్దనలేదు.

ఇప్పుడు అందరూ లేవండి. నావంటి మోకాళ్లున్నవాళ్లు ముందు కుర్చీ పట్టుకోండి. ఆయన కోసం రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా నిలబడదాం. ఫోన్లు కూడా.

అయ్యాక, అధ్యక్షులవారూ, మీరు టీ దగ్గరికి కాదు, షెడ్డుకు వెళ్లండి. కారు కదిలి నెల దాటింది. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, చార్జింగు పెట్టించండి. టైర్లలో గాలి చూడండి. ఎల్ బోర్డులు తుడిచి ముందొకటీ వెనకొకటీ కట్టండి. రేపు పొద్దున ఆరున్నరకు ఖాళీ మైదానంలో నిలబెట్టి, తాళం ఆవిడ చేతికే ఇవ్వండి.